అవ్వ సత్తువకు లెక్క

కోయంబత్తూరులో మేము ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అవ్వకు శక్తి అంటే అమ్మవారు. ఒంట్లో ఉండేది సత్తువ. ఆ సత్తువకూ భౌతిక శాస్త్రంలో కొలత ఉంది, పేరు జౌలు.

10 మీటర్ల లోతు బావిలో నుంచి 20 లీటర్ల నీళ్లు చేదితే సుమారు 2,000 జౌళ్ల పని. తిన్న అన్నంలోని రసాయన శక్తి చేతుల్లో గతిజ శక్తి అయి, పైకొచ్చిన నీళ్లలో స్థితిజ శక్తిగా నిలుస్తుంది. ఒంట్లో ఖర్చయ్యేది ఇంకా ఎక్కువే.

నీలగిరుల్లోని పైకారాలో 1932 నుంచి ఇదే వ్యవహారం తలకిందులుగా నడుస్తోంది. కొండమీది నీళ్లు కిందికి దూకి కరెంటు అవుతున్నాయి. ఆ కరెంటుతో ఇక్కడి మిల్లులు తిరిగాయి. కాలక్రమాన బావుల దగ్గర మోట పోయి మోటారు వచ్చింది.

కరెంటు ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే 1,800 చేదల నీళ్లు! రోజుకు 40 చేదలు తోడినా 45 రోజులు పడుతుంది. మీటరు చూడ్డానికి రెండు నెలలకోసారి మనిషి వస్తాడు. అవ్వ ఏళ్ల తరబడి తోడింది, ఆమె లెక్క రాసుకోడానికి ఎవరొచ్చారు?

ఆ పని మోటారుకు పోయింది కాబట్టే పొద్దున్నే నేను కాలేజీ బస్సెక్కగలుగుతున్నాను.