ఇరవై ఆరు గేర్లు పారేసినోడు

"ఇరవై ఏడు గేర్ల సైకిలు కొని ఇరవై ఆరు పారేశావా?" ఫోన్లో మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండోది ఇంకా కష్టం. "పైగా దానికి నువ్వే ఎదురు డబ్బులిచ్చావా?"

ఇచ్చాను. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో మా వీధి చివర ఎవరో ఇల్లు మారుతూ గరాజ్ ముందు సామాన్లు అమ్మకానికి పెడితే, పాత స్టీలు మౌంటెన్ బైక్ ఒకటి చవగ్గా తెచ్చుకున్నాను. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక తొమ్మిది. మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. వాటన్నిటినీ ఊడబెరికి ఒక్కదానితో నడిచేలా చెయ్యడానికి సైకిలు ఖరీదు కంటే సామాన్ల ఖరీదే ఎక్కువైంది. ఆ సంగతి మాత్రం అమ్మకు చెప్పలేదు.

మా ఊరు పినపాకలో పెరిగినవాడికి ఒంటిగేరు సైకిలు వింతేమీ కాదు. నాన్నది, బాబాయిది, ఉత్తరాలు తెచ్చే ఆయనది, తునికాకు కట్టలు కల్లానికి మోసేవాళ్లది, అన్నీ ఒకే పోలిక. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, ముందు 44 పళ్లు, వెనక 18. గేర్లు మాకు తెలిసింది బొగ్గు లారీలకే. కాళ్లందని వయసులో బార్ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతూ నేర్చుకున్నది కూడా దాని మీదే. అంచేత ఇక్కడ కొండబాటల్లో గేరు లేని సైకిళ్ల మీద ఎగశ్వాసతో ఎక్కుతున్న మనుషుల్ని మొదటిసారి చూసినప్పుడు, పాపం కొనుక్కోలేకపోయారేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, వాటిలో కొన్ని నా కారు ఖరీదులో సగం ఉంటాయని.

వాళ్ల పిచ్చికి మూలం మా ఇంటికి గంటన్నర దూరంలోనే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరు, దాని పక్కన కొండ మీద నుంచి దిగే ఒక మట్టిరోడ్డు. 1976 అక్టోబరు 21న అక్కడ కొందరు కుర్రాళ్లు పందెం పెట్టుకున్నారు. వాళ్ల సైకిళ్లు చాలావరకు ఎప్పుడో 1930లు, 40ల నాటి ష్విన్ కంపెనీ పాత బండ్లు. లావు టైర్లు, ఒకటే గేరు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. దాదాపు రెండు మైళ్ల బాటలో 1,300 అడుగుల దిగుడు. కింది దాకా వచ్చేసరికి ఆ బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు దట్టించుకోవాలి. ఇంగ్లీషులో ఆ దట్టించడాన్నే 'రీప్యాక్' అంటారు, అదే ఆ బాటకు పేరై కూర్చుంది. ఆ పందేల్లో గ్యారీ ఫిషర్ అనే కుర్రాడు 4 నిమిషాల 22 సెకన్లలో దిగి పెట్టిన రికార్డును ఎవరూ దాటలేదు. 1977లో అదే ముఠాలోని జో బ్రీజ్ ఆ పనికోసమే కొత్త ఫ్రేము అతికాడు. డబ్బు, కంపెనీలు అన్నీ ఆ తర్వాతి కథ. అంటే మౌంటెన్ బైకు పుట్టింది మా బాబాయి సైకిలుకు దూరపు చుట్టంగానే. ఈ మాట చెబితే బాబాయి పెద్దగా చలించలేదనుకోండి.

ఇప్పటి ఒంటిగేరువాళ్లకు ప్రపంచ పోటీ కూడా ఒకటుంది. గెలిచినవాడికి బహుమతి పచ్చబొట్టు. వద్దంటే కుదరదు, పొడిపించుకోవాల్సిందే. మా నాయనమ్మ చేతి మీద నాలుగు చుక్కలుండేవి, ఏం గెలిచిందో మరి.

ఇక నా సైకిలు సంగతి. ముందున్న మూడు చక్రాల్లో నడిమిదాన్ని, 32 పళ్లదాన్ని, ఉంచాను. వెనక తొమ్మిదీ తీసేసి 16 పళ్లది ఒకటి వేశాను. ముందుదానిలో సగం. 26 అంగుళాల చక్రాలకు అందరూ ఇక్కడి నుంచే మొదలుపెడతారు. తొమ్మిది చక్రాలు కూర్చున్న చోట ఒకటే కూర్చుంటే, మిగతా ఖాళీని అల్యూమినియం ఉంగరాలతో నింపాలి. ఏ ఉంగరం ఎటువైపు అనేదే అసలు విద్య. ముందు చక్రమూ వెనక చక్రమూ దారం పట్టి గీసినట్టు ఒకే వరసలో ఉండాలి. గేర్ల సైకిలు చైను వంకరగా నడవడానికి అలవాటుపడింది కాబట్టి సర్దుకుపోతుంది. ఇది సర్దుకోదు. నాది అర సెంటీమీటరు పక్కకు పోయింది. చూపుకు తెలియలేదు. మొదటి ఎత్తులో లేచి నిలబడి బలంగా తొక్కానో లేదో చైను ఊడి, మోకాలు వెళ్లి హ్యాండిలు మెడకు కొట్టుకుంది. వారం కుంటాను. రెండు ఉంగరాలు ఇటు నుంచి అటు మార్చాక మళ్లీ ఊడలేదు.

రెండో చిక్కు, చైను బిగువు. గేర్ల సైకిళ్లలో వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి నిలువుగా ఉంటుంది. చక్రాన్ని వెనక్కి లాగే వీలుండదు. చైను వదులైతే ఎక్కిళ్లు పెడుతుంది. దాన్ని కింద నుంచి నొక్కిపట్టే స్ప్రింగు చెయ్యి ఒకటి విడిగా కొనాలి. అది బిగిస్తూ ఉంటే నవ్వొచ్చింది. మన సైకిలుకు గాడి అడ్డంగా ఉంటుంది. రెండు నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి గుంజి, రెండు పక్కలా సమానంగా ఉందో లేదో వేలు పెట్టి చూసి బిగించెయ్యడమే. పదేళ్లప్పుడు బయ్యారం క్రాస్‌రోడ్డు షాపులో చూసి నేర్చుకున్న పని అది. ఇప్పుడు అదే పనికి డాలర్లు పెట్టి ఒక పరికరం.

మారని సంగతి ఇంకొకటుంది. ఇక్కడివాళ్లు గోట్‌హెడ్ అని తిట్టుకుంటూ టైర్లలోంచి పీక్కునే ముల్లు ఏమిటో అని చేతిలోకి తీసుకుని చూస్తే, మన పల్లేరుకాయ! పరాయి దేశంలో అంత చప్పున గుర్తుపట్టిన చుట్టం నాకు మరొకటి లేదు.

ఈ విద్యంతా మోసుకుని మొన్న జనవరిలో ఊరికి పోయాను. బాబాయి సైకిలు వసారాలో గోడకు ఆనించే ఉంది. మండలంలో మోటారు సైకిలు లేని ఇల్లు వెతకాలి ఇప్పుడు, ఆయన మాత్రం చేనుకు దీని మీదే పోతాడు. మణుగూరు-ఏటూరునాగారం రోడ్డు ఎక్కడు. భద్రాద్రి పవర్‌ప్లాంటు వచ్చాక లారీలు మరీ ఎక్కువయ్యాయంటాడు. 1,080 మెగావాట్లకు బొగ్గు పోవాలి కదా. అడవి వారగా ఎర్రమొరం బాట పట్టుకుని పోతాడు. టేకు, ఇప్ప, అక్కడక్కడ వెదురు పొదలు, రెండు ఒర్రెలు, చివర గుట్టవార ఒక ఎత్తు. అచ్చంగా కాలిఫోర్నియావాళ్లు ఆదివారం పూట కారు మీద సైకిలు కట్టుకుని వెతుక్కుంటూ పోయే బాట.

ఆయన వెనకే ఇంకో సైకిలు మీద పోయాను. బల్లపరుపుగా ఉన్నంతసేపు నేను అందుకోలేకపోయాను, డెబ్బై ఏళ్ల మనిషిని. ఒర్రె ఇసుక రాగానే దిగి నడిపించాడు. గుట్ట ఎత్తు దగ్గర ఇంకా సగం దూరముండగానే దిగేశాడు. నేను మాత్రం కాలిఫోర్నియా చదువు చూపిద్దామని ముందే జోరందుకుని, లేచి నిలబడి, ఒళ్లంతా హ్యాండిలు మీద వేసి తొక్కాను. 44కు 18. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిలు దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. నా కొండ సైకిలైతే నాలుగు మీటర్ల పైచిలుకే. ఆ తేడా తొడల్లో తెలిసింది. నడిమికి పోయి ఆగిపోయాను. బాబాయి నడుచుకుంటూ వచ్చి నన్ను దాటుతూ, "ఏందిరా, బండి చెడిందా?" అన్నాడు.

ఒంటిగేరువాళ్లకు మూడు గేర్లుంటాయని కాలిఫోర్నియాలో ఒక జోకు: కూర్చుని తొక్కడం, నిలబడి తొక్కడం, దిగి నడవడం. మూడోది సిగ్గుపడుతూ చెబుతారు. బాబాయికి ఆ సిగ్గేదీ లేదు. అయితే నాకు మాత్రం ఒక ప్రశ్న పట్టుకుంది. ఇక్కడ మేం ఒక్క గేరే పెట్టుకున్నా, ఏ గేరన్నది బాటను చూసి, మోకాళ్లను చూసి ఎంచుకుంటాం. 16 బరువనిపిస్తే 18 వేస్తాం. బాబాయికి ఆ ఎంపిక ఎవరిచ్చారు? లూథియానా సైకిళ్ల ఫ్యాక్టరీలో ఎవరో చదును నేలను తలచుకుని 18 పళ్లు పెట్టారు, ఆయన యాభై ఏళ్లుగా గుట్ట దగ్గర దిగుతున్నాడు.

మర్నాడు వెనక పళ్లచక్రం మార్పిద్దామని సైకిలు తీసుకుని షాపుకు పోయాం. "22 పళ్ల ఫ్రీవీలా? రిక్షాకా?" అన్నాడు షాపు పెద్దాయన. ఖమ్మం నుంచి తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. పాతదాన్ని విప్పడం చూడముచ్చటగా ఉంటుంది. పళ్ల సాధనాన్ని వైస్‌లో బిగించి, దాని మీద ఫ్రీవీలును కూర్చోబెట్టి, మొత్తం చక్రాన్ని లారీ స్టీరింగులా రెండు చేతులా తిప్పుతారు. టక్కుమని వదిలింది. చైను పాతదే ఉంచుదామన్నాను.

"వద్దు బాబూ, పాత చైను కొత్త పళ్లను తినేస్తది" అని కొత్తది వేసి, ఒక జత లింకులు ఎక్కువ కలిపాడు. నేను కాలిఫోర్నియాలో మూడు వీడియోలు చూసి తెలుసుకున్న సంగతిని ఆయన తల కూడా ఎత్తకుండా చెప్పాడు. 44కు 22, సరిగ్గా సగం. పెడల్ చుట్టుకు నాలుగున్నర మీటర్లు.

ఆ సాయంత్రం గుట్ట ఎత్తు బాబాయి దిగకుండా ఎక్కాడు. నిలబడలేదు కూడా. పైన ఆగి తువ్వాలుతో మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి బాటను కాసేపు చూశాడు. "ఇంతేనా ఇది" అన్నాడు. నేను ఫొటో తీసుకున్నాను, విజయగర్వంతో ఫ్రీమాంట్ మిత్రులందరికీ పంపాను.

మార్చిలో ఫోను చేస్తే పిన్ని ఎత్తింది. అవీ ఇవీ అయ్యాక సైకిలు ఎట్లా ఉందని అడిగాను. ఆయనకే ఇచ్చింది ఫోను.

"మార్పించిన్రా."

"ఏం బాబాయ్?"

"గుట్ట ఎంత, ఫర్లాంగు. మిగతా బాటంతా చదునే కద. కాళ్లు ఊరికే గిరగిర తిరుగుతున్నయిగానీ బండి పోతలేదు. చేను చేరేసరికి ఎండెక్కుతుంది." ఒక్క క్షణం ఆగి, నా మనసు కష్టపడుతుందనుకున్నాడేమో, "నీ 22 పారెయ్యలేదులే. దూలానికి మేకుకు తగిలించిన. నువ్వొచ్చినప్పుడు ఏసుకుందువు" అన్నాడు.