బావిలో కప్పకు ఎవరు చెప్పాలి?

చైనా బడుల్లో రెండో తరగతి పిల్లలు బావిలో కప్ప కథ చదువుతారు. దాహమేసి బావి గట్టున వాలిన పిట్ట, నూరు లీలకు పైగా, అంటే 50 కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చానంటుంది. ఆకాశం ఉన్నదే బావి నోరంత, గొప్పలు చెప్పకు అంటుంది కప్ప. రోజూ తలెత్తి చూస్తున్నాను, నాకు తెలియదా అని కూడా అంటుంది. పైకి దూకి చూడమంటుంది పిట్ట. పాఠం అక్కడితో అయిపోతుంది.

ఆ కప్ప మాట నన్ను వదలదు. అది అబద్ధం ఆడటం లేదు, కళ్లతో చూసిందే చెబుతోంది. చూసింది నిజమే, చూసిందే సర్వం అనుకోవడంలో ఉంది పొరపాటు. ఏడెనిమిదేళ్ల పిల్లలతో టీచరు కాసేపు ఆగాల్సింది ఇక్కడే.

ఈ కప్ప ప్రాచీన చైనా గ్రంథం జ్వాంగ్‌జి 17వ అధ్యాయంలోనూ ఉంది. అక్కడ పిట్టకు బదులు తూర్పు సముద్రపు తాబేలు వస్తుంది. గట్టు మీద గెంతుతాను, పగిలిన ఇటుకల సందున సేదతీరుతాను, లోపలికి వచ్చి చూడరాదా అని కప్ప సంబరంగా పిలుస్తుంది. తాబేలు ఎడమ కాలు పూర్తిగా పెట్టకముందే కుడి మోకాలు ఇరుక్కుంటుంది. వెనక్కి జరిగి, పదేళ్లలో తొమ్మిదిసార్లు వరదలొచ్చినా పెరగని, ఎనిమిదేళ్లలో ఏడుసార్లు కరువొచ్చినా తగ్గని సముద్రం గురించి చెబుతుంది. నాకు ఈ కథే ఎక్కువ ఇష్టం. పిలిచిన చోటికి వెళ్లబోయి, ఆ తర్వాతే మాట్లాడింది తాబేలు.

మనమూ కూపస్థ మండూకమని తిడతాం. ఈ కథను తిట్టుగా నేర్పితే పిల్లలకు పక్కవాణ్ణి కప్ప అనడమే వస్తుంది. టీచర్లకు నా మనవి ఒక్కటే: కప్పను చూసి నవ్వేలోపు, దానికి అంతకుముందు సముద్రం గురించి ఎవరైనా చెప్పారా అని పిల్లల్ని అడగండి.