డిస్క్ ఫార్మాట్ చేయమంటే ఓకే కొట్టకండి: మా దాదీ పాట సగం పోయిన కథ

పోస్ట్ పొడుగున్నది, తీరిక చేసుకొని చదవండి. పాత లాప్‌టాప్‌ను విండోస్ 11కు మార్చుదామని అనుకుంటున్నవాళ్లు మాత్రం మార్చకముందే చదవండి.

మేము ఐదుగురం. ముగ్గురం దేవరకొండ, చందంపేట వైపు తాండాలవాళ్లం. ఒకరిది అచ్చంపేట దగ్గరి తాండా, ఇంకొకరిది అమ్రాబాద్ వైపు చెంచు పెంట. నల్లగొండలో ఒకే హాస్టల్‌లో ఉంటున్నం. 2022 నుంచి సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా పెద్దోళ్ల మాటలు, పాటలు ఫోన్లో రికార్డు చేసుకొని వస్తున్నం. ఎవరో చెప్పి చేయించింది కాదు. ఒక తీజ్ పండుగకు బుట్టల్లో మొలకలకు నీళ్లు పోసే పిల్లలకు పాట మధ్యలో ఆగిపోయింది, ముందుకు రాలేదు. పక్కనే కూసున్న ముసలామె అందుకొని పాడింది. అప్పుడు ఫోన్ తీసినం, అంతే.

ఆ ముసలామెను తాండాలో చిన్నాపెద్దా అందరూ దాదీ అనే పిలిచేవాళ్లు. ఢావ్లో పాడాలంటే ఆమెనే. తెలియనివాళ్ల కోసం చెప్తున్నం: ఢావ్లో అంటే పెళ్లయి అత్తగారింటికి పోయే ముందు పిల్ల తల్లిని, అన్నదమ్ములను పట్టుకొని ఏడుస్తూ పాడే పాట. ఏడుపుకు ఏడుపు, పాటకు పాట. ఇప్పటి పెళ్లిళ్లలో డీజే మోతకు అది రెండు నిమిషాల్లో అయిపోతున్నది. దాదీ పాడితే అరగంట పట్టేది. ఆమె 2024 ఎండాకాలంలో పోయింది.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. మనం తెలుగు అక్షరాల్లో రాసుకుంటం, కర్ణాటకలో కన్నడంలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తరు. జనాభా లెక్కల్లోనైతే మన భాషను హిందీ కింద కలిపి లెక్కేస్తరు. కాబట్టి దాదీ పాట ఏ పుస్తకంలోనూ దొరకదు. గొంతు పోతే పాట పోయినట్టే. మా దగ్గర ఆ గొంతు 1 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉండె. అదొక్కదాంట్లోనే ఉండె. ఇది మా మొదటి తప్పు. ఫోన్లలో మెమరీ నిండితే డ్రైవ్‌లోకి కాపీ చేయకుండా కట్ చేసి పేస్ట్ చేసేది. ఫోన్ ఖాళీ అయితది, మనసు నిమ్మలం అయితది. రెండోచోట ఇంకొక కాపీ పెట్టుకోవాలన్న సోయి ఎవరికీ రాలేదు.

ఇగ ఆ రోజు సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ ఆగిపోయిందని మీకు తెలిసే ఉంటది. హాస్టల్‌లో అందరివీ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లే. కొన్నిటికి విండోస్ 11 ఎక్కదు. టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే తీసుకుంటది. మా లాప్‌టాప్‌కు ఎక్కుతదని చూపించింది, సంబరపడ్డం. దీపావళికి ఇంటికి పోయి మేరా పాటలు రికార్డు చేసుకొచ్చినం. వాటిని డ్రైవ్‌లో పెట్టుకుంటూ, పనిలో పనిగా దాదీ ఢావ్లోలో వెనుక వినపడే బోరు మోటారు చప్పుడును ఆడాసిటీలో తగ్గించి, అదే పేరు మీద మళ్లీ సేవ్ చేసినం. పాతది ఉంచుకొని కొత్తది వేరే పేరుతో పెడితే ఏం పోయేది? ఇప్పుడు అడుగుతున్నం, అప్పుడు అడగలేదు.

డ్రైవ్ పెట్టి ఉండగానే అప్‌గ్రేడ్ నొక్కి అన్నానికి పోయినం. వచ్చేసరికి నీలం తెర మీద అంకెలు తిరుగుతున్నయి. 60 దాటి ఎంతకూ కదలదు. ఇంతల కరెంటు పోయింది. మా లాప్‌టాప్ బ్యాటరీ ఇరవై నిమిషాలకు మించి రాదు. ఆఫ్ అయిపోతదేమోనన్న భయానికి ఒకరం డ్రైవ్ కేబుల్ పీకేసినం. ఎవరు పీకినరో రాయం, ఆ సంగతి మా ఐదుగురి మధ్యనే ఉంటది. కరెంటు వచ్చినంక అప్‌గ్రేడ్ మళ్లీ మొదలై అర్ధరాత్రికి పూర్తయింది. లాప్‌టాప్ బాగనే ఉంది. డ్రైవ్ పెడితే లైటు వెలుగుతున్నది కానీ దిస్ పీసీలో కనపడుతలేదు.

కేబుల్ మార్చి, ఇంకొక పోర్టులో పెట్టి చూసినం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే డ్రైవ్ కనపడింది, కానీ దానికి అక్షరం లేదు. సి, డి, ఇ అని ఉంటయి కదా, అది. అక్షరం ఇచ్చినం. వెంటనే ఒక డబ్బా వచ్చింది: ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయాల్నా? మాలో చిన్నోడు ఫార్మాట్ బటన్ మీదికి మౌస్ తీసుకపోయిండు. కంప్యూటర్ అడుగుతున్నది కాబట్టి చేయాలనే అనుకున్నడు పాపం. చేయి పట్టుకొని ఆపినం.

ఆ డబ్బా ఎందుకు వస్తదో మాకు తర్వాత అర్థమైంది. మనోళ్లకు పహాణీ భాషలో చెప్తే తొందరగా ఎక్కుతది. భూమి ఉన్నచోటనే ఉంటది, దున్నుతనే ఉంటం, కానీ పహాణీలో పేరు కనపడకుంటే ఆఫీసుకు ఆ భూమి మనది కాదు. డ్రైవ్ కూడా అంతే. పాటలు డిస్క్ మీద ఉన్నచోటనే ఉంటయి. ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాసుకున్న పట్టిక మాత్రం చెడిపోతది. పట్టిక చదవడం రాకపోతే విండోస్ ఆ డిస్క్‌ను రా అని చూపిస్తది. ఫార్మాట్ కొడితే ఏమైతది? కొత్త పహాణీ పుస్తకం తెచ్చి, ఊరంతా బంజరే అని రాసినట్టు. క్విక్ ఫార్మాట్ అయితే భూమి మీద పంట అప్పటికప్పుడు పోదు, కానీ ఆ తర్వాత ఏం సేవ్ చేసినా పాత పాటల మీదికే ఎక్కుతది. ఫుల్ ఫార్మాట్ అయితే మొత్తం దున్ని సున్నాలు నింపినట్టే, తిరిగి రాదు.

తెల్లారి యూట్యూబ్‌లో చూసి చెక్‌డిస్క్ కమాండ్ కొట్టినం. రా డ్రైవ్ మీద నడవదని అదే చెప్పింది. నడవకపోవుడే మంచిదైంది. అది చెడిన పట్టికను సరిచేస్తానని అందులోనే రాతలు మారుస్తది. కాపీ లేకుండా ఆ పని చేయనీయొద్దు. హైదరాబాద్‌లో ఒక రికవరీ షాపుకు ఫోన్ చేస్తే పదిహేను నుంచి ఇరవై వేలు అన్నరు, గ్యారంటీ లేదన్నరు. మా స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతదో మాకే గ్యారంటీ లేదు.

ఇంజనీరింగ్ చదివిన మా సీనియర్ అన్న ఒకాయన ఫోన్లో ఒక్క ముక్కే చెప్పిండు: "డ్రైవ్ మీద ఏం చేయకండ్రి. ముందు దానికి నకలు తీయండ్రి. చేసేదంతా నకలు మీద చేయండ్రి." తన 2 టీబీ డ్రైవ్ బస్సులో వచ్చే మనిషితో పంపిండు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకొని, లాప్‌టాప్‌ను దాంతో ఆన్ చేసినం. దీనికి ఇన్‌స్టాల్ చేసే పని లేదు, విండోస్‌ను ముట్టుకునే పని లేదు. డీడీరెస్క్యూ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా ఉన్నది ఉన్నట్టు ఇంకొక డ్రైవ్‌లోకి నకలు తీస్తది. చదవరాని చోటు వస్తే అక్కడనే కూసోకుండా దాటి ముందుకు పోతది, చివర్ల మళ్లీ వచ్చి ప్రయత్నిస్తది. మేము పెట్టింది పాత యూఎస్‌బీ 2 పోర్టు. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే పొద్దున ఏడు దాటింది. ఈసారి కరెంటు పోతే ఎట్లా అని పక్క రూమ్ అన్నలను బతిమాలి వాళ్ల ఇన్వర్టర్‌కు పెట్టుకున్నం, వంతులేసుకొని కాపలా కూసున్నం.

నకలు మీద టెస్ట్‌డిస్క్ నడిపినం. అదీ ఉచితమే. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఉన్న డిస్క్‌కు మొదటి పేజీ నకలు ఒకటి పార్టిషన్ చివర్ల కూడా ఉంటది. టెస్ట్‌డిస్క్ దాన్ని వెతికి ముందుకు తెచ్చి పెట్టింది. ఫోల్డర్లు ఒక్కొక్కటి తెర మీదికి వస్తుంటే చిన్నోడు ఎగిరిండు. 2022 తీజ్ వచ్చింది. అమ్రాబాద్ తాత తేనె తీసే సంగతి చెప్పింది మొత్తం వచ్చింది. సేవాలాల్ జయంతి భోగ్ వచ్చింది. ఆ రాత్రి మేము ముట్టుకున్న రెండు ఫోల్డర్లు మాత్రం రాలేదు: దీపావళి మేరా, దాదీ ఢావ్లో.

వాటి కోసం ఫొటోరెక్ పెట్టినం. అది పట్టికను అసలే చూడదు. డిస్క్ మొత్తం వెతుక్కుంటూ పోయి, ఇక్కడ పాట మొదలైనట్టుంది, ఇక్కడ వీడియో మొదలైనట్టుంది అని గుర్తులను బట్టి తీస్తది. కాబట్టి పేర్లు రావు. ఎఫ్ అక్షరం, దాని పక్కన ఏడంకెలు, అంతే. అట్ల వందలకొద్దీ ఫైళ్లు వచ్చి పడ్డయి. ఎప్పుడో డిలీట్ చేసిన సినిమా పాటలు, క్లాస్ లెక్చర్లు, ఎవరివో పుట్టినరోజు వీడియోలు, అన్నీ కలిసి.

పది రోజులు రాత్రిపూట అదే పని. ఇయర్‌ఫోన్ పెట్టుకొని ఒక్కొక్కటి వినుడు, ఎవరిదో గుర్తుపట్టి పేరు రాసుడు. ఈ పని ఇంత కష్టమని తెలియదు, ఇంత బాగుంటదని కూడా తెలియదు. గొంతు గుర్తుపట్టకముందే గాజుల చప్పుడుతో ఎవరో తెలిసేది. ఒక దాంట్లో మేక అరుస్తది, అది ఎవరింటి మేకనో మావోడు చెప్పిండు. ఒక దాంట్లో ఒకామె పాట ఆపి, పుణెలో పనికి పోయిన కొడుకు ఫోన్ ఎత్తి మాట్లాడి మళ్లీ పాట అందుకుంటది. రికార్డు చేసిన రోజు దాన్ని కట్ చేద్దామనుకున్నం. ఇప్పుడు అట్లనే ఉంచినం. మేము గుర్తుపట్టలేనివి నాలుగు మిగిలితే ఫోన్లో వేసుకొని తాండాకు తీసుకపోయినం. మా యాడి రెండు క్షణాల్లో చెప్పేసింది.

లెక్క చెప్తున్నం. మేరా పాటలు పదకొండింట్లో ఏడు వచ్చినయి. దాదీ ఢావ్లో ఫైల్ దొరికింది, కానీ ఏడు నిమిషాల దగ్గర ఆగిపోతది. ఆ తర్వాత గరగరమని చప్పుడు. పెద్ద ఫైల్‌ను సేవ్ చేసినప్పుడు ఒక్కోసారి డిస్క్ మీద ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల పడుతది. పట్టిక ఉంటేనే ఆ ముక్కలు కలుస్తయి. ఫొటోరెక్‌కు మొదటి ముక్కే దొరికింది. ఉన్న ఉపాయాలన్నీ చేసి చూసినం.

డ్రైవ్‌కు ఇట్లయింది మా ఒక్కరికే కాదు. 2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 1809 అప్‌డేట్‌తో కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు పోతున్నయని కొద్ది రోజులకే దాన్ని ఆపి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ ఇచ్చినరు. 2019 మేలో 1903 వచ్చినప్పుడైతే యూఎస్‌బీ డ్రైవ్ గానీ ఎస్‌డీ కార్డు గానీ పెట్టి ఉంటే అప్‌గ్రేడ్ అసలు ముందుకు పోకుండా కంపెనీయే అడ్డం పెట్టింది. డ్రైవ్ అక్షరాలు తప్పుగా మారిపోతున్నయని కారణం చెప్పింది. ఆ సంగతి మాకు ముందే తెలిసి ఉంటే డ్రైవ్ పెట్టి అన్నానికి పోయేవాళ్లం కాదు. మా డ్రైవ్ చెడింది మాత్రం మేము కేబుల్ పీకబట్టే, అది వేరేవాళ్ల మీద పెట్టం.

కాబట్టి అప్‌గ్రేడ్ చేసే రోజు లాప్‌టాప్‌కు చార్జర్, మౌస్ తప్ప ఏదీ పెట్టకండి. ఇంపార్టెంట్‌వి ముందే రెండోచోట పెట్టుకోండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు, మెమోలు కూడా. డ్రైవ్ కనపడకపోతే భయపడకండి, చాలాసార్లు అక్షరం పోవడమే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం ఇస్తే వచ్చేస్తది. ఫార్మాట్ అడిగితే క్యాన్సిల్ కొట్టి ఎవరినైనా అడగండి, అర్ధరాత్రయినా సరే ఈ గ్రూపులో పెట్టండి. డ్రైవ్ లోపల టక్ టక్ అని చప్పుడు వస్తుంటే మాత్రం ఇవేవీ చేయకండి. అది పట్టిక సమస్య కాదు, లోపల యంత్రమే పాడైతున్నట్టు. వెంటనే తీసేయండి, ఎంత నడిపితే అంత పోతది. విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్ ఉన్నవాళ్లు తొందరపడి అమ్ముకోకండి. విండోస్ 10కే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలుంది, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో చూడండి.

ఇప్పుడు మా పాటలు రెండు డ్రైవుల్లో ఉన్నయి. ఒకటి హాస్టల్‌లో, ఒకటి తాండాలో మా ఇంట్ల ఇనుప పెట్టెలో.

దాదీ కోడలికి ఆ ఏడు నిమిషాలు వినిపించినం. పాట ఆగిన దగ్గర ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తనే అందుకొని పాడింది. రెండు చరణాలు వచ్చినయి. "ఆమె ఇంక మస్తు పాడేది, నాకు ఇంతే వస్తది" అన్నది. అదీ రికార్డు చేసినం, దాదీ ఫైల్ పక్కన వేరే పేరుతో పెట్టినం.

దాదీ చందంపేట, డిండి, నేరేడుగొమ్ము వైపు చానా పెళ్లిళ్లకు పోయి పాడింది. అప్పట్లో పెళ్లికి వీడియో తీసి సీడీలు ఇచ్చేది. మీ ఇంట్ల అట్లాంటి పాత పెళ్లి సీడీలు, క్యాసెట్లు ఉంటే ఒకసారి అప్పగింతల దగ్గర పెట్టి చూడండి. ముక్కుకు ఎడమ దిక్కు పెద్ద భూరియా, చేతికి మోచేయి దాకా తెల్ల గాజులు, పిల్లను పట్టుకొని పాడే ముసలామె కనపడితే మాకు మెసేజ్ పెట్టండి. సీడీ గీతలు పడ్డదైనా పర్వాలేదు, మేమే వచ్చి కాపీ చేసుకొని మళ్లీ మీది మీకు ఇస్తం.

జై సేవాలాల్.