గంజాయి షాపులో ఉద్యోగం ఎందుకు వద్దన్నానంటే

కొంచెం పెద్ద పోస్టు, బ్రేక్‌లో చదువుకోండి.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు "న్యూజెర్సీలో లీగలే కదా అన్నా, ఇంకా భయమేంటి" అన్నాడు. రెండు ముక్కల్లో చెప్పేది కాదని ఇక్కడ రాస్తున్నా.

నేను గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్. ఈ రాష్ట్రంలో ఎవరి పెట్రోలు వాళ్లు కొట్టుకోకూడదు, అందుకే నాలాంటోళ్లకి పని. 2020 నవంబరులో ఇక్కడి జనం గంజాయికి సరే అని ఓటేశారు. 2022 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకి షాపుల్లోనే అమ్ముతున్నారు. ఆ తర్వాతి చలికాలంలో, రోజూ మా దగ్గరికి వచ్చే ఒకాయన తన గంజాయి షాపులో క్యాషియర్‌గా చేరమన్నాడు. గంటకి ఐదు డాలర్లు ఎక్కువ, పైగా పగటి పని, లోపల హీటరు. రాత్రి రెండింటికి మంచులో పంపు పట్టుకున్నవాళ్లకి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మా ఆవిడైతే నెలకి ఎనిమిది వందల పైమాటే అని లెక్క కూడా కట్టేసింది.

సిటిజన్‌షిప్ ఫారం కోసం లాయరమ్మ దగ్గరికి వెళ్లి, మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. రాష్ట్రం ఏమన్నా, 1970 ఫెడరల్ చట్టం గంజాయిని హెరాయిన్ పక్కనే మొదటి షెడ్యూల్‌లో పెట్టింది. ఇమిగ్రేషన్‌వాళ్లు చూసేది ఆ చట్టమే. రాష్ట్రంలో లీగలైనా సరే, వాడినా, ఆ వ్యాపారంలో పని చేసినా, నడవడిక బాలేదని సిటిజన్‌షిప్ ఆపొచ్చని 2019లోనే రాసి పెట్టారు. కేసు అక్కర్లేదు, అరెస్టు అక్కర్లేదు. ఆఫీసరు అడిగినప్పుడు "అవును, వాడాను" అన్నా చాలు. గ్రీన్ కార్డు మెడికల్‌లో డాక్టరు అడిగినా అదే చిక్కు. అబద్ధం చెబితే అది ఇంకో తప్పు.

నాకు సిటిజన్‌షిప్ కావాల్సింది అమ్మ కోసం. గ్రీన్ కార్డు మీద అమ్మకి అప్లై చేయలేం, సిటిజన్ అయితేనే. నర్సీపట్నంలో ఒక్కతే ఉంటోంది. ఉద్యోగం వద్దన్నానని ఫోన్‌లో చెబితే, "గంజాయికి కొట్లు కూడా ఉంటాయేటి నాయినా అక్కడ?" అంది. అమ్మ అలా అడగడంలో తప్పు లేదు. ఏజెన్సీ నుంచి మూటలు దిగే దారిలోనే మా ఊరు. మూట మోసిన గిరిజన కుర్రాడు దొరుకుతాడు, డబ్బు పెట్టినవాడు దొరకడు. 20 కిలోలు దాటి, నేరం రుజువైతే పదేళ్లకి తక్కువ పడదు. అదే సరుకు ఇక్కడ రంగు డబ్బాలో బిల్లుతో ఇస్తున్నారు.

అలాగని నేను లీగల్ చేయొద్దనేవాణ్ణి కాదు. వాడకం దాదాపు ఒకేలా ఉన్నా, అరెస్టుల్లో మాత్రం నల్లవాళ్లే ఎక్కువ ఉండేవాళ్లు. అది ఆగాల్సిందే. కానీ ఇది సగం చట్టం. ఓటున్నవాళ్లకి షాపు తెరిచారు, కార్డు మీద, వీసా మీద ఉన్నవాళ్లకి అదే షాపు గొయ్యి అయింది. 2024లో మూడో షెడ్యూల్‌కి దించుతామని ప్రతిపాదన పెట్టినప్పుడు మనవాళ్లు సంబరపడ్డారు. మూడోదైనా అది షెడ్యూలే, మన ఫారంలో ఆ ప్రశ్న పోదు. హెచ్1 తమ్ముళ్లూ, పార్టీలో ఎవరైనా గమ్మీ చేతిలో పెడితే ఇది గుర్తు తెచ్చుకోండి.

ఆ షాపాయన ఇప్పటికీ వస్తాడు. ఫుల్ ట్యాంక్, రెగ్యులర్. "ఇంకా చలిలోనేనా?" అని నవ్వుతాడు. నా ఇంటర్వ్యూ వచ్చే నెల 12న.