అమ్మ చెప్పని నలత

మా అమ్మకు అంగిలి క్యాన్సర్ వైద్యం పూర్తయి ఇది మూడో ఏడు. పుండు మానింది. వెళ్లిన ప్రతిసారీ డాక్టర్లు నోరు చూసి, మెడ తడిమి, బాగుందనే చెబుతున్నారు. అయినా మా ఇంట్లో భయం పోలేదు. జబ్బు ఉన్నప్పుడు ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పేవారు. ఫలానా రోజు రండి, రక్తం ఇవ్వండి, ఇక్కడ వేలిముద్ర వేయించండి అని. వైద్యం అయిపోయాక ఆ చెప్పేవారు లేరు. అమ్మ రెండుసార్లు దగ్గితే మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. అన్నం సగంలో చెయ్యి కడిగేస్తే ఆ రాత్రి మాకు నిద్ర ఉండదు.

మాది చీడికాడ మండలం, కోనాం జలాశయానికి పైన కొండ మీద ఒక గూడెం. కొండదొరలం. చుట్టూ కొండలే అయినా కాగితాల్లో మాది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఐదో షెడ్యూల్లో కలపమని ఇక్కడి గూడేలు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. 2022లో మేము విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. దారి మాత్రం పాతదే. కొండ దిగేది కాలినడకన, నడవలేకపోతే డోలీలో. కింద ఆటో పట్టుకుని చీడికాడ, అక్కడి నుంచి చోడవరం, అనకాపల్లి, ఆపైన ఆసుపత్రి. ఒక్క పరీక్షకు ఇద్దరి రెండు రోజుల కూలి పోతుంది. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు మోసింది గాని ఈ కూలిని ఎవరు మోస్తారు?

అమ్మకు జబ్బు ఎందుకొచ్చిందో మాకు తెలుసు. అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. మన వైపు ఆడవాళ్లకు అది తల్లి నుంచి కూతురికి వచ్చిన అలవాటు. నాట్లు వేస్తున్నా, కట్టెల మోపు ఎత్తుకున్నా చుట్ట ఆరదు, గాలికి నుసి కళ్లలో పడదు. 1957లోనే డి.జి.రెడ్డి, వి.కె.రావు అనే వైద్యులు కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ ఈ అడ్డపొగకూ ఉన్న సంబంధం గురించి రాశారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం నోళ్లు పరీక్షించి రాసిన వ్యాసం 1971లో లండన్‌లో అచ్చయింది. అదంతా ఇంగ్లీషులో ఉంది. మా అమ్మ మొదటి చుట్ట ముట్టించేనాటికి ఆ సంగతి లోకానికి తెలుసు, మా గూడేనికి తెలీదు.

ఆపరేషన్‌లో అంగిలి ఎముక కొంత తీసేశారు. ఆ కంతకు అడ్డంగా పళ్లసెట్టు లాంటి పలక ఒకటి చేసి ఇచ్చారు. అది పెట్టుకుంటేనే మాట తెలుస్తుంది, తాగిన నీళ్లు ముక్కులోకి రావు. తర్వాత నోటికీ మెడకూ ఆరు వారాలు కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా ఊళ్లో కరెంటు అనే అంటారు. నోరు ఎండిపోయింది, కారం తగిలితే కళ్లనీళ్లు. ఆ రోజుల్లో అమ్మను నిలబెట్టింది చోడంబలి.

పోయిన చలికాలంలో కొత్త నలత మొదలైంది. అమ్మ నెగడు దగ్గర నుంచి లేచేది కాదు. ఎండ ఎక్కాక కూడా దుప్పటే. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, నాలుగు అడుగులు వేసి కూర్చుండిపోయేది. అడిగితే ఒకటే మాట: "నాకేటీ నేదు, మీ పని సూసుకోండి." మళ్లీ వచ్చిందని పిన్నమ్మ తేల్చేసింది. గురువు కోడిని అడిగాడు, ఇచ్చాం. ఊళ్లకు తిరిగి సూదిమందు వేసే ఒకాయన బలానికని రెండు సెలైన్లు ఎక్కించి డబ్బు పట్టుకుపోయాడు. కోడి ఇచ్చినందుకు మాకు బాధ లేదు, అది అమ్మ మనసుకు. సెలైను ఎందుకో ఆయనకే తెలియాలి.

అమ్మ మాకు దాచినవన్నీ ఒకరికి చెబుతోందని సంక్రాంతి సెలవుల్లో బయటపడింది. మా అక్క కూతురు ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. పక్కలో పడుకున్న మనవరాలికి అమ్మమ్మ అన్నీ చెప్పింది. కాళ్లు బరువని, నోరు ఇదివరకటంత తెరుచుకోవడం లేదని, మతిమరుపు వస్తోందని. "మీ అమ్మకి సెప్పకే, జీడితోట పనులొస్తన్నాయి" అని కూడా. పిల్ల నోటితో చెప్పలేదు. రఫ్ నోటుబుక్కులో తేదీలు వేసి రాసి, ఆ బుక్కు తెరిచి అక్క ముందు పెట్టింది. మాట తప్పకుండా పని చేసింది!

ఆ బుక్కు పట్టుకునే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివింది. నోరు చూసింది, మెడ చూసింది, ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి గొంతు చూసింది. తర్వాత రక్తపరీక్ష రాసింది. జబ్బు తిరగబెట్టలేదు. మెడకు కరెంటు పెట్టినప్పుడు అక్కడున్న థైరాయిడ్ గ్రంథి కూడా దెబ్బతింటుందట. కొందరిలో నెలలకు, కొందరిలో ఏళ్లకు అది మందగిస్తుంది. చలి, నీరసం, ఉబ్బు, మతిమరుపు అన్నీ దాని పనే. పరగడుపునే రోజుకో చిన్న మాత్ర, బతికున్నన్నాళ్లూ. నోరు బిగుసుకోవడం కూడా కరెంటు వల్లే. మూడు వేళ్లు నిలువుగా పట్టాలి, అమ్మకు రెండే పట్టాయి. ఐస్‌క్రీము పుల్లలు ఒకదానిపై ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి, రోజూ సాధన చేయమన్నారు. మేము వెదురు చీల్చి నున్నగా గీసి ఇచ్చాం. పదకొండు పుల్లల దగ్గర మొదలైంది, ఇప్పుడు పద్నాలుగు.

వైద్యం తర్వాత వచ్చే ప్రతి నలతా పాత జబ్బే అనుకోనక్కర్లేదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. నోటి క్యాన్సర్ తిరిగి వస్తే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తుందని, అందుకే ఆ రెండేళ్లూ దగ్గర దగ్గరగా రమ్మంటారని డాక్టరమ్మ చెప్పింది. రెండు మూడు వారాలైనా మానని పుండు, మెడలో గడ్డ, నోటి నుంచి గానీ దగ్గులో గానీ రక్తం, మింగుడు పడకపోవడం, ఒక పక్క చెవిలోనే పోటు, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో ఏది కనిపించినా రాసిచ్చిన తేదీ దాకా ఆగొద్దంది. పలక ఉన్నా నీళ్లు మళ్లీ ముక్కులోంచి వస్తుంటే అదీ చూపించాలి. పలక వదులైనా అలా అవుతుంది.

చదువుకుంటున్న పిల్లలకు, పంతుళ్లకు ఒక పని ఉంది. ఇంట్లో పెద్దల ఆసుపత్రి కాగితాలు చూరు కింద తడిసి ముద్దవుతుంటాయి. వాటిని ప్లాస్టిక్ సంచిలో పెట్టండి, ఫోనులో ఫొటోలు తీసి ఉంచండి. ఏ నలత ఎప్పుడు మొదలైందో తేదీ వేసి రాయండి. పెద్దలు పిల్లలకు చెప్పినంత మాకు చెప్పరు. మా ఒంటి మీద కూలి లెక్క కనిపిస్తుంది కాబోలు వాళ్లకు.

అమ్మ ఇప్పుడు చుట్ట ముట్టదు. నెగడు దగ్గర నుంచి లేచి కోళ్లను అదిలిస్తోంది, మమ్మల్నీ తిడుతోంది. పదకొండు రోజుల కిందట దగ్గు పట్టుకుంది. రక్తం లేదు, జ్వరం లేదు. గూడెంలో సగం మందికి ఇదే దగ్గు, వానలు కదా. మనవరాలు బడికి వెళ్లిపోయింది గాని బుక్కు ఇక్కడే వదిలింది. అందులో మేమే గీతలు గీస్తున్నాం, రోజుకొకటి. పై వారం ఆసుపత్రికి బండి మాట్లాడి ఉంచాం. అమ్మకు ఇంకా చెప్పలేదు.