లెక్క పెట్టడం, లెక్క చేయడం

మా అమ్మమ్మ బుకిట్ బటోక్‌లో ఉంటుంది. ఆమె మోకాలి ఆపరేషన్ తర్వాత నేనూ అన్నయ్యా వంతులు వేసుకున్నాం. నేను టాంపినీస్ నుంచి వెళ్లాలి, జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాలి. అన్నయ్య ఉండే చోవా చూ కాంగ్ అక్కడికి రెండే స్టేషన్లు. అయినా నా ఫోన్‌లో లెక్క ఇలా ఉంది: నేను 9 సార్లు, అన్నయ్య 4.

ఒక ఆదివారం అమ్మమ్మ నాచేత తెలుగు బైబిల్ చదివించింది. మొదటి కొరింథీయులకు, 13వ అధ్యాయం. కూడబలుక్కుంటూ చదివాను. ప్రేమ అపకారాన్ని గుర్తుపెట్టుకోదనే ఐదో వచనం దగ్గర ఆగిపోయాను. పౌలు రాసిన గ్రీకులో అక్కడున్న మాట పద్దు రాసుకోవడానికి కూడా వాడేదే. నా ఫోన్‌లో ఉన్నదీ పద్దే కదా!

వెంటనే గర్వంగా చెప్పాను: "అమ్మమ్మా, ఇకనుంచి నిన్ను లెక్క చేయను!"

ఆమె ముఖం వాడిపోయింది. కంగారుగా ఫోన్ చూపించి, ఆ అంకెలు చెరిపేశాను. అప్పుడు అర్థమై నవ్వింది.

"లెక్క చేయకపోవడమంటే మనిషిని పట్టించుకోకపోవడం రా. నువ్వు వంతులు లెక్క పెట్టకు. మనుషుల్ని లెక్క చెయ్యి. మీ అన్నని కూడా."

పోయిన శనివారం అన్నయ్య వంతు. రాలేదు. నేనే వెళ్లాను. రైల్లో మనసు తనంతట తనే "పది" అంది. ఫోన్ తీశాను. కానీ రాయలేదు. అన్నయ్యకు కాల్ చేసి, "తిన్నావా?" అని అడిగాను.