బకెట్ భాయ్‌లు

మా భాంజా కుడి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ముడతలు పడి ఉంటుంది. కొత్తవాళ్లెవరైనా "ఏమైంది బేటా?" అని అడిగితే "సమోసా కాల్చింది" అని నవ్వేస్తాడు. కాల్చింది సమోసా కాదు, నేను.

2015 రంజాన్. ఇబ్రహీంపట్నంలో మా మస్జిద్ ముందు ఇఫ్తార్ కోసం సమోసాల కడాయి పెట్టారు. వాడికప్పుడు పద్నాలుగేళ్లు. రోజా ఉండి కూడా పొయ్యి దగ్గర నిలబడి జల్లిగరిటె తిప్పుతున్నాడు. మగ్రిబ్‌కి ఇంకా పావుగంట ఉందనగా నూనె మరీ కాగి భగ్గుమంది. జనమంతా వెనక్కి జరిగారు. నేను ముందుకు ఉరికాను. వజూఖానా దగ్గరున్న బకెట్ ఎత్తి, బిస్మిల్లా అని కడాయిలో గుమ్మరించాను.

మంట మనిషెత్తున లేచింది. కాగిన నూనె వాడి చేతి మీద పడింది.

ఆ హడావుడిలో ఒకరు టూత్‌పేస్ట్ తెచ్చి పూశారు, ఇంకొకరు కోడిగుడ్డు సొన పోశారు. ఆస్పత్రిలో ముందు ఆ పూతంతా కడగాల్సి వచ్చింది. వాడి కేకలు వరండాలో నిలబడి విన్నాను. మా ఆపా నన్ను ఒక్క మాట అనలేదు. "నీ నియ్యత్ మంచిదే కదా తమ్ముడూ" అంది. తిట్టినా ఇంతగా గుచ్చుకునేది కాదు.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. నేను విలేకరిని. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వార్త ఏళ్ల తరబడి నేనే రాశాను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలుడు సామగ్రి, పత్తి బేళ్లు మోస్తున్న ఫోర్ట్ స్టికిన్ ఓడ అంటుకుని పేలిపోయింది. ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది అందులో చనిపోయారు. వాళ్ల యాద్‌లోనే ఈ వారం. ఆ పేరా నాకు కంఠతా. కానీ సిబ్బంది ట్రేలో నూనె పోసి, అంటించి, దీని మీద నీళ్లు పోయకూడదని చూపిస్తున్నప్పుడు నేను చెట్టు నీడలో చాయ్ తాగుతూ ఫొటో సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకునేవాణ్ని.

మరుసటి ఏడాది నోట్‌బుక్ ఇంట్లో పెట్టి వెళ్లాను. మొహల్లా కుర్రాళ్లు ఐదుగురు వెంట వచ్చారు. పిలవకుండానే భాంజా కూడా వచ్చాడు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని.

ఆ రోజు తెలిసింది నేను చేసిందేమిటో. నీళ్లు నూనెకంటే బరువు. కడాయిలో అడుక్కి దిగిపోతాయి. ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1,700 రెట్లు పెరుగుతాయి. పైనున్న నూనెను, మంటతో సహా, బయటికి చిమ్మేస్తాయి. చేయాల్సింది పొయ్యి ఆర్పి, పెద్ద మూత పక్కనుంచి జరిపి కప్పేయడం. గాలి అందకపోతే మంట దానంతట అదే చస్తుంది. కాలిన చెయ్యి మీద పేస్టూ సొనా కాదు, కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు. ఇంత చిన్న ఇల్మ్. ఏటా నా కళ్ల ముందే చెప్పారు.

ఆ ఏడుగురం ఇప్పుడు పదకొండు మందిమి. జీతం లేదు, యూనిఫాం లేదు. మస్జిద్ మెట్ల కింద అరలో ఇసుక బకెట్లు, రెండు సిలిండర్లు, గోనెసంచులు, ఒక తాడు, రెండు టార్చిలైట్లు. మేం మంటల్లోకి దూకుతామని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మా మొదటి పని 101కి ఫోన్ చేయడం. రెండోది మైకులో చెప్పడం. మూడోది ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎంతమంది బయటికొచ్చారో లెక్క చూడటం. ఫైరింజన్ ఏ దిక్కు నుంచి వచ్చినా మా గల్లీ మొగలో ఆగిపోవాల్సిందే. అడ్డంగా పెట్టిన బండ్లు తీయించి, లోపలికి గొట్టం లాగడానికి చేతులు కావాలి. ఆ చేతులం మేం.

ప్రపంచంలో చాలా చోట్ల ఈ పని ఇలాగే నడుస్తోంది. చిలీ దేశంలో మంటలార్పేవాళ్లు చాలావరకు జీతం లేని వాళ్లే. 1851లో వల్పరైసో రేవులో మొదలైన పద్ధతి ఇంకా సాగుతోంది. జర్మనీలో, అమెరికా చిన్న ఊళ్లలో పగలు కొట్లో కూర్చునేవాడే రాత్రి హెల్మెట్ పెట్టుకుంటాడు.

కరోనా తర్వాత మా అర మీద బోర్డు రాయిద్దామనుకున్నాం. పేరు దగ్గర ఆగిపోయాం. ఇష్టపూర్వకంగా ఖిద్మత్ చేసేవాణ్ని ఉర్దూలో ఏమంటారు? రజాకార్. రజా అంటే ఇష్టం, సమ్మతి. మా ఉర్దూ మీడియం స్కూల్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉందని నాకు తెలియదు. డిగ్రీలో తెలుగు చదువుతుంటే తెలంగాణ పోరాట కథల్లో అదే మాట ఎదురైంది, చేతిలో తుపాకీతో. క్లాసులో తల దించుకున్నాను. ఆ కథల్లోని దుఃఖం నిజం. మాట మాత్రం మళ్లీ మాకు దక్కలేదు.

సరే, వాలంటీర్ అందామా అంటే, 2019 తర్వాత కొన్నేళ్లు ఆంధ్రాలో వాలంటీర్ అంటే పింఛను తెచ్చే మనిషిగా ఉండేది. "మా అమ్మ పేరు లిస్టులో ఎక్కించండి" అని క్యూ కట్టేవాళ్లు. స్వచ్ఛంద సేవకులు అంటే మా పిల్లలకి నోరు తిరగలేదు. బోర్డు ఖాళీగా ఉండిపోయింది. రింగ్ సెంటర్‌లో పునుగుల బండి పిన్ని మాత్రం మమ్మల్ని "బకెట్ భాయ్‌లు" అంటుంది. అదే స్థిరపడింది.

2024 సెప్టెంబర్ మొదటి వారం మీకందరికీ గుర్తే. మా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలవాల్సిన బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక మిగిలింది బురద. దాన్ని కడగడానికి ఫైరింజన్లనే తెప్పించారు. మేమూ వెళ్లి, సిబ్బంది చెప్పినట్టు సందుల్లోకి గొట్టం లాగాం. నీళ్లు వదిలాక గొట్టం పాములా ఎదురు తిరుగుతుంది. ఇద్దరు పట్టుకుంటే గానీ మాట వినదు. ముందు భాంజా, వెనక నేను. ఒక ఇంట్లో ముసలమ్మ తడిసిన పెళ్లి ఫొటోలు గుమ్మం మీద ఆరబెట్టుకుంటూ "ఎవరు బాబూ మీరు, వాలంటీర్లా?" అంది. "కాదు నానమ్మా, బకెట్ భాయ్‌లం" అన్నాడు వాడు. ఆమెకేం అర్థమైందో గానీ, ఫొటోలు పక్కకి జరిపి "ముందు వంటిల్లు కడగండి నాయనా" అంది.

రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పేయమని హదీసుల్లో ఉంది. చిన్నప్పుడు అమ్మీ చెబితే పొదుపు కోసమనుకున్నాను. ఇప్పుడు ఇషా తర్వాత ఇంటికెళ్లగానే ముందు సిలిండర్ రెగ్యులేటర్ చూస్తాను. మీరూ చూడండి. గ్యాస్ వాసన వస్తే లైటు, ఫ్యాను స్విచ్ ముట్టుకోకండి. గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. తలుపులు తీసి బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

మొన్న చలికాలం ఒక సాయంత్రం పునుగుల పిన్ని బండి దగ్గరే రెగ్యులేటర్ అంటుకుంది. పక్కనే కడాయి నిండా కాగుతున్న నూనె. మేమిద్దరం అక్కడే చాయ్ తాగుతున్నాం. భాంజా పొయ్యి దగ్గర్నుంచి పిన్నిని అవతలికి లాగాడు. నా చేతిలోకి బకెట్ ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు. ఇన్నేళ్లు నేర్చుకున్నా, నేర్పించినా, మంట కనబడగానే ఈ చెయ్యి నీళ్ల వైపే పోతుంది. బకెట్ భుజం దాకా లేచింది.

వాడు అరవలేదు. కాలిన చేత్తో నా మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో గోనెసంచి చాపాడు.

"మామూ, నీళ్లు సంచికి. మంటకి కాదు."

సంచి తడిపాను. వాడు సిలిండర్ మెడ మీద కప్పి, సంచి కిందనుంచే రెగ్యులేటర్ తిప్పేశాడు.